గొడుగుగుడ్డల ఇల్లు

గోదాము వెనక గోడ పొడుగ్గా ఉంటుంది. దాని కింద వరసగా మేం ఉండేవాళ్ళం. ఒకరికి అట్టముక్క, ఒకరికి గోనెపట్టా, ఒకరికి చిరిగిన పరదా. వాన వస్తే అందరం లేచి చూరు కింద గోడకి వీపులు ఆనించి గుర్రాల్లాగా నిలబడేవాళ్ళం. వానలో కూర్చోగలిగింది ఒక్కతే. గొడుగులవాడి అక్క.

నేను ఆ గోదాములో బస్తాలు మోసినవాణ్ణి. నడుం పోయాక గోడకి లోపలి నుంచి బయటికి వచ్చాను. గోడ అదే. అందరూ నన్ను బస్తా తాత అనేవాళ్ళు.

గొడుగులవాడు సంత మలుపులో కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. మెత్తనివాడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకునేవాడు. గొడుగు బాగుకి ఇచ్చినవాడికి వాన ఆగేదాకే దాని మీద ప్రేమ. ఎండ కాసిందంటే గొడుగూ గుర్తుండదు, బాగుచేసినవాడూ గుర్తుండడు. అలా ఎవరూ తీసుకుపోని గొడుగుల్ని అతను మళ్ళీ వానాకాలం వచ్చేదాకా దాచి, అప్పటికీ రాకపోతే ఊచలు పీకి గుడ్డ అక్కకి ఇచ్చేవాడు. అక్క ఆ గుడ్డల్ని ముక్కకి ముక్క కలిపి కుట్టింది. కుట్టు మీద కొవ్వొత్తి రుద్దింది, నీళ్ళు దిగకుండా. పైన కప్పు కుట్టింది. రెండు పక్కలా గోడలు కుట్టింది. మూడో పక్క గోదాము గోడ ఉండనే ఉంది. నాలుగో పక్క తలుపు. తలుపుకి ఎవరో చిన్నపిల్ల గొడుగు తాలూకు ఎర్రగుడ్డ వేసింది. మిగతాదంతా నలుపు. దూరం నుంచి చూస్తే పెద్ద కాకి నోరు తెరుచుకుని కూర్చున్నట్టు ఉండేది.

ఏ ముక్క ఎవరిదో ఆమెకి తెలుసు.

"ఇది వకీలుగారిది. ఎన్ని అబద్ధాలు దీని కింద నడిచి కోర్టుకెళ్ళాయో. ఒక్క చుక్క కారదు చూడు" అనేది. "అది డాక్టరుగారిది. అదే కారుతుంది. ఎన్నిసార్లు కుట్టినా కారుతుంది."

ఆమెకి మోకాళ్ళు పనిచేయవు. రోజూ పొద్దున్నే తమ్ముడు ఆమెని వీపు మీద ఎక్కించుకుని వీధి చివర దొడ్డికి తీసుకెళ్ళేవాడు. వెళ్ళేటప్పుడు ఎర్రగుడ్డ దించి కింద రెండు ఇటుకలు పెట్టమనేది. తిరిగి వచ్చాక ఇటుకలు అలాగే ఉన్నాయా లేదా చూసుకునేది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఇళ్ళల్లో పనిచేసిన మనిషి. ఒకళ్ళ వంటింట్లో పడుకుంది, ఒకళ్ళ మెట్ల కింద పడుకుంది, ఒకళ్ళ కుక్క పక్కన పడుకుంది. లోపలి నుంచి తలుపు వేసుకునే చోటు ఆమెకి ఇదే మొదటిది. ఈ సంగతి ఆమే చెప్పింది, పొగరుగా. ఏం చెప్పినా పొగరుగానే చెప్పేది.

తమ్ముణ్ణి తప్ప ఎవర్నీ లోపలికి రానిచ్చేది కాదు. కిందటి వానాకాలం ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. సీసాలమ్మ పిల్లకి జ్వరం. సీసాలమ్మ అంటే ఖాళీ సీసాలు ఏరి అమ్ముకునే మనిషి, మా వరసలోనే ఉండేది. పిల్లని కొంగులో చుట్టుకుని ఎర్రగుడ్డ ముందు నిలబడింది.

"వదినా, పిల్లని ఒక్కదాన్ని లోపల పెట్టుకో. నేను బయటే ఉంటా."

"ఇది సత్రం కాదు" అంది లోపలి నుంచి. "ఇల్లు. ఇంట్లోకి పిలిస్తే రావాలి."

"అయితే పిలువు."

"పిలిచేదాన్నయితే ఈపాటికి పిలిచేదాన్ని."

పిల్ల బతికింది. కానీ చీము పట్టి ఒక చెవి పోయింది. ఇప్పుడు ఎటు నుంచి పిలిచినా బాగున్న చెవి వైపే తిరుగుతుంది. సీసాలమ్మ ఆ తర్వాత దాని గురించి మాట్లాడలేదు. గొడుగులవాడు పిల్ల కోసం ఒక బొమ్మ గొడుగు చేసి ఇస్తే తీసుకుంది కూడా. తీసుకుని, వాడు చూస్తుండగానే ఊచలు విడిగా, గుడ్డ విడిగా చేసి సీసాల సంచిలో వేసుకుంది.

*

వాళ్ళు వచ్చిన రోజు మబ్బుగా ఉంది. ఒక మాస్టారు, ఒక టీచరమ్మ. బడి సెలవుల్లో వాళ్ళకి ఈ పని అంటగట్టారట. మాస్టారి చేతిలో కాగితాలు పెట్టి రాసుకునే అట్ట. టీచరమ్మ సంచిలో పచ్చ పట్టీలు, మణికట్టుకి కట్టేవి.

"ఎల్లుండి పొద్దున్నే వస్తాం" అన్నాడు మాస్టారు. "ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళందర్నీ లెక్కపెడుతున్నాం. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. అటూ ఇటూ తిరగకండి. ఒకరినే రెండుసార్లు లెక్కపెడితే మాకు చీవాట్లు."

మాలో కత్తులకి సానపట్టేవాడు ఒకడున్నాడు. వాడి నోరు వాడి సానరాయి కంటే గరుకు.

"లెక్కపెట్టి ఏం చేస్తారు సార్? గొర్రెల్ని లెక్కపెట్టేది రెండిటికే. బొచ్చు తీయడానికి, లేదంటే కోయడానికి. మాకు బొచ్చు కూడా లేదు."

మాస్టారు నవ్వాడు. మంచివాడే.

"మీరు లెక్కల మాస్టారా?" అన్నాడు సానవాడు.

"డ్రాయింగు."

"మరి లెక్క దేనికి? బొమ్మ గీసుకుని పోండి."

అప్పుడు టీచరమ్మ చెప్పింది. ఊరి చివర కొత్తగా హాలు కట్టారట. మనిషికో మంచం, మంచానికో పెట్టె, పెట్టెకో తాళం. పచ్చ పట్టీ కట్టించుకున్నవాళ్ళకే అందులో చోటు. ఎల్లుండే వ్యాను కూడా వెనకాలే వస్తుంది. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు, ఎక్కనివాళ్ళ మంచం వేరేవాళ్ళకి. ఎక్కాక నెల దాకా గేటు దాటనివ్వరు, అక్కడ మళ్ళీ లెక్క సరిచూసుకోవాలి కాబట్టి.

గొడుగులవాడు చేతిలో ఊచ అలాగే పట్టుకుని వింటున్నాడు.

"ఇదెవరిది?" అన్నాడు మాస్టారు నల్లగుడ్డల వైపు చూసి. "భలే కట్టారే."

"మాదే" అంది అక్క లోపలి నుంచి. "కాస్త పక్కకి జరిగి మెచ్చుకోండి. వెలుతురు పోతోంది, సూది కనపడట్లేదు."

మాస్టారు జరిగాడు. వంగి చూశాడు. కప్పు చూశాడు, పక్కలు చూశాడు, గోడ మీద చెయ్యి వేసి చూశాడు. మొహంలో ఇబ్బంది కనపడింది.

"చూడు బాబూ, మాకో పద్ధతి ఉంది" అన్నాడు గొడుగులవాడితో. "పైన కప్పు, మూడు పక్కల అడ్డు ఉంటే అది ఇల్లు కిందే జమ. ఇల్లున్నవాళ్ళు ఈ లెక్కలోకి రారు."

"ఇది గుడ్డ కదండీ!"

"దేనితో కట్టారన్నది మేం చూడం. రేకైనా, తాటాకైనా, గుడ్డైనా."

ఎర్రగుడ్డ పక్కకి జరిగింది. అక్క తల బయటికి వచ్చింది. నేను ఆమె నవ్వడం చూసింది అప్పుడే.

"విన్నావురా? చదువుకున్నాయన చెప్పాడు. ఇల్లే." మా వైపు తిరిగింది. "అందరూ విన్నారుగా? ఇల్లే!"

ఆ రోజంతా దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి చెప్పింది.

*

"అక్కా, అక్కడ దొడ్డి గది హాలులోనే ఉంటుందట. గోడకి పట్టుకుని నడవడానికి కమ్మీ ఉంటుందట."

మర్నాడు పొద్దున. నేను వాళ్ళ పక్కనే ఉంటాను, గుడ్డ అడ్డం. వద్దన్నా వినపడుతుంది.

"తలుపు ఎవరేస్తారు?"

"ఏం తలుపు?"

"ఆ హాలు తలుపు. రాత్రి ఎవరేస్తారు, పొద్దున ఎవరు తీస్తారు?"

"కాపలావాడు."

"అయితే అది కాపలావాడి ఇల్లు. నేను రాను."

"వానాకాలం ఇంకా బోలెడు ఉంది. నీ దగ్గు విన్నావా నువ్వు?"

"దగ్గేదాన్ని నేను, వినేదాన్ని నేను. నీకేంటి నొప్పి?"

అతను మెల్లగా అన్నాడు.

"నడుం నొప్పి. మోసీ మోసీ నా నడుం పోతోందక్కా."

లోపల కత్తెర చప్పుడు ఆగింది.

"ఓహో" అంది అక్క. "ఎప్పటి నుంచి దాచావురా ఆ మాట? నిన్ను చంకలో వేసుకుని ఎవరెవరి మెట్లో తుడిచాను. దించితే ఏడ్చేవాడివి. ఒక చేత్తో నిన్ను పట్టుకుని ఒక చేత్తో గుడ్డ పిండాను. నా నడుం సంగతి నేను ఎవరికైనా చెప్పానా?"

"చెప్పట్లేదు, చెప్పట్లేదంటూ రోజూ చెబుతూనే ఉన్నావు కదే!"

అతను గొంతు పెంచడం అదే మొదలు. సానవాడు అటు నుంచి ఈల వేశాడు.

"అలా గట్టిగా అడుగు బామ్మర్దీ!"

"వాడు నీకు బామ్మర్ది అయితే నేను నీకేమవుతానురా?" అంది అక్క. "ఆ సానరాయికి మూతి పెట్టు, తెలుస్తుంది."

అందరం నవ్వాం. గొడుగులవాడు నవ్వలేదు. ఎర్రగుడ్డ ఎత్తి బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"తాతా, నువ్వు చెబితే వింటుందేమో."

"ఆ తాతా?" అంది లోపలి నుంచి. "ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందు పన్ను ఊడాలి."

నేను అనడానికి ఏముంది. ఆమె చెప్పింది నిజం. ఇతను చెప్పిందీ నిజం.

అతను లేచి మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. పని వదులుకుని వెళ్ళాడు. సాయంత్రానికి తిరిగి వచ్చి సానవాడి పక్కన చతికిలబడ్డాడు. మాస్టారు ఏమన్నాడంటే, రేపు పొద్దున నా కళ్ళకి ఏది కనపడితే అదే నాకు లెక్క, ఇవాళ ఏముందో నాకు అనవసరం.

"అంటే రేపు లేకపోతే లేనట్టే" అన్నాడు సానవాడు. "పీకేద్దాం. అందరం ఒక చెయ్యి వేస్తాం."

"ఒప్పుకోదు."

"కప్పుని అడిగి పీకుతామా, కప్పు కింద మనిషిని అడిగి పీకుతామా?"

సీసాలమ్మ పిల్ల తల దువ్వుతోంది. తల ఎత్తకుండా అంది:

"నేనూ వస్తా. నా దగ్గర బ్లేడు ఉంది."

*

తెల్లారింది. మబ్బు ముందు రోజు కంటే కిందికి దిగింది.

గొడుగులవాడు ఎర్రగుడ్డ ముందు నిలబడ్డాడు. వెనక సానవాడు, సీసాలమ్మ, వరసలో మిగిలినవాళ్ళు. ఏ పనికీ ఇంత పొద్దున్నే లేవనివాళ్ళు కూడా లేచి మొహాలు కడుక్కుని వచ్చారు.

"అక్కా, వీపెక్కు. బయటికి పోదాం."

"ఇంత జనంతోనా? నేనేం పెళ్ళికూతుర్నా, మేళంతో తీసుకెళ్ళడానికి?"

"ఎక్కవే."

"ఎక్కను."

"ఎక్కకపోతే నువ్వు లోపల ఉండగానే తీస్తాం."

"తియ్యి. ఎలా తీస్తావో చూస్తా."

సానవాడు ఆగలేదు. వాడి కత్తికి పదును పెట్టుకోవాల్సిన పనిలేదు. మూలన ఉన్న తాడు కోశాడు. కప్పు ఒక పక్క కుంగింది. నిన్నటి చినుకుల నీళ్ళు మడతలో నిలిచి ఉన్నాయి, అవి దబ్బున ఆమె మీద పడ్డాయి. వెనక ఎవరో పడీపడీ నవ్వారు.

ఆమె కదల్లేదు. తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"తాడు కొయ్యడం దేనికిరా చవటా, ముడి విప్పితే వస్తుందిగా. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసు అని, నీకేం తెలుసు తాడు విలువ. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు విప్పు."

అతను ముడి విప్పాడు. ఆమె కింద కూర్చుని ఒక్కో ముక్క పేరు చెబుతూ వచ్చింది. పనివాడికి పని చెప్పినట్టు చెప్పింది.

"అది డాక్టరుది, లాగు, పోతే పోనీ. ఇది పెళ్ళిళ్ళ పేరయ్యది, మెల్లగా. ఒసేయ్ సీసాలదానా, కుట్టు మీద బ్లేడు పెట్టావంటే చెయ్యి విరుగుతుంది."

సీసాలమ్మ ఆ కుట్టు మీదే బ్లేడు పెట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకి లాగింది. కొవ్వొత్తి రుద్దిన కుట్టు కదా, తెగుతుంటే చక్కెర నమిలినట్టు చప్పుడు వచ్చింది.

"వదినా" అంది సీసాలమ్మ, "చలిగా ఉందా?"

అక్క ఆమె కళ్ళలోకి చూసింది. మొదటిసారి జవాబు చెప్పలేదు.

వకీలుగారి గుడ్డని సానవాడు మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. "తడవకుండా దాస్తా" అన్నాడు. గుడ్డకి తడవడం ఏంటి అని ఎవరూ అడగలేదు. ఎర్రగుడ్డని ఎవరూ ముట్టుకోలేదు. ఊచ విరిగి అదే కింద పడింది. చివరికి గోడ మిగిలింది, గోడకి ఒక మేకు మిగిలింది. గోడ కింద నల్లగుడ్డల గుట్ట, గుట్టలో ఆమె. కూర్చున్నచోట నుంచి అంగుళం జరగలేదు.

*

వ్యాను వీధి మొదట్లోనే ఆగింది. మాస్టారు, టీచరమ్మ గోడ పొడుగునా నడుచుకుంటూ వచ్చారు. అందరం ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చున్నాం, బడిపిల్లల్లాగా. ఒక్కొక్కర్ని అడగడం, రాసుకోవడం, పట్టీ కట్టడం. నాకూ కట్టారు. పిల్లకి కడుతుంటే గాజనుకుని చెయ్యి ఊపి చూసుకుంది. సానవాడు పట్టీ వాసన చూశాడు.

"ఊడితే?"

"ఊడదు. కొయ్యాల్సిందే" అంది టీచరమ్మ.

గొడుగులవాడి దగ్గరికి వచ్చారు.

"ఇల్లు?"

"లేదండీ."

మాస్టారు గుట్ట వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. రాసుకున్నాడు. టీచరమ్మ పట్టీ కట్టింది. తర్వాత ఆమె గుట్ట ముందు గొంతుక్కూర్చుంది.

"అమ్మా, మీకు ఇల్లుందా?"

"ఉంది."

అందరం అటు చూశాం.

"ఎక్కడమ్మా?"

"దీని మీదే కూర్చున్నా. మొన్న ఈయనే చెప్పాడు, ఇల్లు అని. అడగండి."

మాస్టారు అట్ట మీద కలం ఆపాడు. "అది మొన్న కదమ్మా. ఇప్పుడు లేదు కదా!"

"రెండు తాళ్ళు, నాలుగు ఊచలు. మధ్యాహ్నానికి లేపుతా. మీ ఇంటికి సున్నం వేయిస్తుంటే మీకు ఇల్లు లేనట్టేనా?"

"అక్కా, నోరు ముయ్యవే!" గొడుగులవాడు ముందుకి వచ్చాడు. "లేదని రాసుకోండి సార్. ఆమె మాట పట్టుకోకండి."

"ఎవరిది వాళ్ళే చెప్పాలి బాబూ. పెద్దమనిషి కదా ఆమె." మాస్టారు కాస్త ఆలోచించాడు. "ఆమెకి ఇల్లుందంటే, మరి నువ్వు అందులోనే కదా ఉండేది? నీకు కట్టిన పట్టీ..."

గొడుగులవాడు చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. తెలియకుండానే పెట్టుకున్నాడు. కానీ అక్క చూసింది.

"వాడికి లేదు" అంది. "ఇల్లు నాది. కుట్టింది నేను. వాడిని వెళ్ళగొట్టాను. వాడికి ఇల్లూ లేదు, అక్కా లేదు, రాసుకోండి."

గొడుగులవాడు చేతిని ముందుకి తెచ్చాడు. మళ్ళీ వెనక్కి తీశాడు. అప్పుడు ఆ మాట అన్నాడు. మెత్తనివాడు, మంచికే అన్నాడు.

"సార్, ఆమెకి మతి సరిగా లేదు. చాలా రోజులుగా లేదు. గుడ్డముక్కలకి పేర్లు పెట్టి పిలుస్తుంది. అందుకే ఏదేదో అంటోంది."

ఆమె అతని వైపు చూసిన చూపు ఇంకో మనిషి మీద పడితే మాడిపోయేవాడు.

మాస్టారు అట్ట తిరగేసి, వెనక రాసి ఉన్నది చదివాడు. "మతి సరిగా లేని మనిషైతే పక్కన ఉండేవాళ్ళు ఇద్దరు చెప్పాలి. ఇద్దరిదీ ఒకే మాట అయితే అదే ఖాయం. బంధువులు పనికిరారు." చుట్టూ చూశాడు. "ఎవరు చెబుతారు?"

గొడుగులవాడి మొహం విప్పారింది. మా అందరి వైపు తిరిగాడు. పొద్దున అందరం కలిసే కదా పీకింది. ఇక అడగాలా అన్నట్టు చూశాడు.

సీసాలమ్మ ముందుకి వచ్చింది. పిల్లని కూడా తెచ్చుకుంది, చెయ్యి పట్టుకుని.

"ఈమెకి ఇల్లుందా?" అన్నాడు మాస్టారు.

"ఉంది సార్" అంది సీసాలమ్మ.

"సీసాలమ్మా!" అన్నాడు గొడుగులవాడు.

"ఉంది. ఉన్నది ఉందనే కదా చెప్పాలి. పిల్ల జ్వరంతో కాలిపోతుంటే అడిగాను. ఇది సత్రం కాదు, ఇల్లు అంది. అప్పుడు సత్రం కానిది ఇప్పుడెలా అవుతుంది?" పిల్ల గడ్డం పట్టుకుని చెవి మాస్టారి వైపు తిప్పింది. "దీన్ని అడగండి. ఈ వైపు నుంచి అడిగితే వినపడదు, ఆ వైపు నుంచి అడగండి."

అక్క వెన్ను నిటారుగా పెట్టింది. గుట్ట మీద కూర్చున్నది సింహాసనం మీద కూర్చున్నట్టయింది.

"అద్దీ" అంది. "నా మీద పగ ఉన్నదే చెప్పింది. ఇప్పుడు రాసుకోండి."

"ఇంకొకరు" అన్నాడు మాస్టారు.

గొడుగులవాడు సానవాడి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వే కదరా పీకుదామన్నావు. నీకు తెలుసుగా. చెప్పు. మూడు అక్షరాలు కూడా లేవు, లేదని చెప్పు."

సానవాడు చంకలో మడతపెట్టిన గుడ్డని సర్దుకున్నాడు. ఆమెకి చోటు దొరికితే ఆమెతో పాటు ఆ గుడ్డ సంగతి కూడా హాలుకి వస్తుంది. పక్కమంచం మీద కూర్చుని రోజూ అడుగుతుంది. వాడికి అది తెలుసు. నేను చూస్తుండగానే తెలిసింది.

"ఏం చెప్పమంటావు బామ్మర్దీ" అన్నాడు. "మొన్న పెద్దలు ఇల్లన్నారు. పెద్దల మాట కాదంటానా? ఉంది సార్. గాలి కూడా చొరబడని ఇల్లు."

"తాతా!" అన్నాడు గొడుగులవాడు నా వైపు తిరిగి. "నువ్వు పక్కనే ఉంటావు. నువ్వు చెప్పు తాతా."

"తాత కూడా ఉందనే చెబుతాడు" అంది అక్క.

నేను నోరు తెరిచేలోపు మాస్టారు ఇద్దరు చాలన్నాడు. తెరిచేవాణ్ణో లేదో అది వేరే మాట.

"ఇది ఇల్లా సార్?" అంది టీచరమ్మ మెల్లగా. ఆమె చేతిలో పట్టీ అలాగే ఉంది.

"కాదని మనం అనడానికి లేదు టీచర్. ఆమె ఉందంటోంది, ఇద్దరు ఉందన్నారు. ఇంకేం చెయ్యను?" మాస్టారికి చెమట పట్టింది. "వాన వచ్చేలా ఉంది, పదండి. ఇంకా రెండు వీధులు ఉన్నాయి."

టీచరమ్మ పట్టీని సంచిలో వేసుకుంది.

*

వ్యాను డ్రైవరు హారన్ మోగించాడు. ఎవరి మూటలు వాళ్ళు ఎత్తుకున్నారు. సానవాడు సానచక్రాన్ని వకీలుగారి గుడ్డలో చుట్టి భుజాన వేసుకున్నాడు. సీసాలమ్మ గుట్టలోంచి ఒక ముక్క లాగింది.

"తీసుకుంటున్నా వదినా. పిల్లకి, దారిలో వాన పడితే."

"తీసుకో. అది డాక్టరుది" అంది అక్క. "కారుతుంది."

సీసాలమ్మ ముక్క అక్కడే పారేసి వేరేది లాగింది. అక్క ఆపలేదు.

గొడుగులవాడు పెట్టె తీసుకున్నాడు, ఊచలూ పట్టకారూ ఉన్న పెట్టె. ఆమె ముందు నిలబడ్డాడు. నేను మూట కట్టుకుంటూ పక్కనే ఉన్నాను. వంగి ఆమె పక్కన నీళ్ళ చెంబు పెట్టాడు. తాళ్ళలో తెగనిది ఏరి చుట్టచుట్టి పెట్టాడు. తన దుప్పటి పెట్టాడు.

"ఉండనా?" అన్నాడు.

"నీకు నడుం నొప్పి కదా."

"రేపు వస్తానక్కా."

గేటు సంగతి టీచరమ్మ చెప్పినప్పుడు అందరం విన్నాం. ఆమె కూడా విన్నది. అతనూ విన్నాడు.

"మతిలేని దాని దగ్గరికి ఎందుకు రావడం" అంది. సూదికి దారం ఎక్కించుకుంటోంది. చేతులు తడిగా ఉన్నాయి, దారం ఎక్కట్లేదు. "దొడ్డికి తీసుకెళ్ళలేదు ఇవాళ నువ్వు."

అతను పెట్టె కింద పెట్టబోయాడు. రెండో హారన్ మోగింది. ఎవరో వ్యానులోంచి కేకేశారు, నీ మంచం వేరేవాడికి ఇచ్చేస్తారురోయ్ అని. పెట్టె కింద పెట్టలేదు.

నాలుగు అడుగులు వేశాక ఆమె పిలిచింది.

"ఒరేయ్."

తిరిగాడు. ఆ ఒక్క పిలుపుకి ఎంత ఆశ పడ్డాడో మొహం నిండా కనపడింది.

"తలుపు వేసి వెళ్ళు" అంది.

అతను చుట్టూ చూశాడు. వెయ్యడానికి ఏమీ లేదు. కింద బురదలో ఎర్రగుడ్డ ఉంది. తీశాడు, దులిపాడు, పట్టుకుని నిలబడ్డాడు. కట్టడానికి ఊచ లేదు, తాడు కట్టడానికి గుంజ లేదు. గోడకి ఆ మేకు ఒక్కటే ఉంది. మేకుకి తగిలించాడు. గుడ్డ గోడకి అతుక్కుని వేలాడింది, ఆమె వీపు వెనకాల. ఇటుకలు రెండూ తెచ్చి దాని కింద పెట్టాడు, అలవాటు ప్రకారం. తర్వాత పరిగెత్తాడు. నడుం నొప్పివాడు పరిగెత్తగా నేను చూడటం అదే మొదలు.

నేను మూట ఎత్తుకున్నాను. మొదటి చినుకులు పడ్డాయి. ఆమె మెడ తిప్పి వెనక్కి, గోడ మీది గుడ్డని చూసింది.

"అటు కాదురా" అంది వెళ్ళిపోయినవాడితో, తన ముందున్న ఖాళీ వైపు చెయ్యి చూపించి. "ఇటు."